ఇండస్ట్రియల్ ఆర్ట్స్ అండ్ టెక్నాలజీలో చేరాను, ఆరు వారాలుగా ఆకురాయి తప్ప ఇంకోటి పట్టలేదు. ఈ చదువు మానెయ్యాలా?

ప్రశ్న అడిగినది: కొత్తబెంచి

అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌లోనే యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఆర్ట్స్ అండ్ టెక్నాలజీ డిగ్రీలో చేరాను. డ్రాయింగ్ అంటే ఇష్టం, వస్తువులు ఎలా తయారవుతాయో తెలుసుకోవాలని ఇంకా ఇష్టం, అందుకే ఎంచుకున్నాను. కానీ ఆరు వారాలుగా వర్క్‌షాప్‌లో చేస్తున్నది ఒక్కటే పని. ఒక మైల్డ్ స్టీల్ ముక్కని బెంచ్ వైస్‌లో బిగించి, ఆకురాయితో రుద్ది, పక్క పక్క ముఖాలు సరిగ్గా 90 డిగ్రీలకి తేవాలి. మా సార్ మూలమట్టం ఆనించి వెలుతురు వైపు పెట్టి చూస్తారు, సందులోంచి వెలుగు కనిపిస్తే "మళ్లీ" అంటారు. తొమ్మిదిసార్లు అయింది.

వేరే బ్రాంచిల్లో ఉన్న నా స్నేహితులేమో అప్పుడే క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్), ప్రోగ్రామింగ్ అంటున్నారు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ నిమిషాల్లో చేసే పని నేను వారాల తరబడి చేత్తో ఎందుకు చేయాలో అర్థం కావట్లేదు. దీనికీ మెకానికల్ ఇంజనీరింగ్‌కీ తేడా ఏమిటని ఇంట్లో అడిగితే జవాబు చెప్పలేకపోయాను. పైగా నాకు లెక్కలు మరీ అంత బలం కాదు, చిన్నప్పటి నుంచి పనిముట్లు పట్టిన అలవాటూ లేదు. బ్రాంచి మారడానికి ఇంకా టైమ్ ఉంది, అందుకే టెన్షన్. ఈ చదువు చదివినవాళ్లు, చెప్పినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: వెర్నియర్

నేను ఈ సబ్జెక్టే చాలా ఏళ్లుగా చెప్తున్నాను. ముందు మీ ముక్క సంగతి చూద్దాం. నా అంచనా, మీ ముక్క మధ్యలో ఉబ్బెత్తుగా ఉండి అంచుల దగ్గర కిందికి జారి ఉంటుంది, మొదట్లో అందరిదీ అలాగే వస్తుంది. ఆకురాయిని ముందుకి తోసేటప్పుడు రెండు చేతుల బరువూ మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంచితే అది తూగుటుయ్యాలలా ఊగుతుంది. తోపు మొదలైనప్పుడు ఆకురాయి కొన పట్టుకున్న చేతి మీద బరువు ఎక్కువ ఉండాలి, ముందుకి వెళ్లేకొద్దీ అది తగ్గి పిడి పట్టుకున్న చేతి మీదకి మారాలి, వెనక్కి లాగేటప్పుడు అసలు బరువే వేయకూడదు. మార్కింగ్ బ్లూ అనే నీలి రంగు పూసిన సమతలపు పలక మీద ముక్కని ఒకసారి తేలిగ్గా జరిపి చూడండి. రంగు అంటిన చోట్లే ఎత్తుగా ఉన్న చోట్లు, అక్కడ మాత్రమే రుద్దాలి.

ఇంక ఎందుకు అన్న ప్రశ్న. వెంట్రుక మందం దాదాపు 0.05 నుంచి 0.1 మి.మీ. దాకా ఉంటుంది. మూలమట్టం కింద అంతకన్నా చాలా సన్నటి సందులోంచి కూడా వెలుగు కనిపిస్తుంది. రేపు మీరు క్యాడ్‌లో ఒక కొలత పక్కన ప్లస్ ఆర్ మైనస్ 0.02 మి.మీ. అని, అంటే అంతకుమించి తేడా రాకూడదని టైప్ చేస్తారు, దానికి ఒక్క సెకను చాలు, కానీ ఆ అంకె అవతలి మనిషిని ఎంత పని అడుగుతోందో తెలిసేది ఇప్పుడు మీరు పడుతున్న కష్టం వల్లే. ఇంకొకటి, ముందు ఒక ముఖాన్ని చదును చేసుకుని మిగతా కొలతలన్నీ దాని నుంచే తీస్తున్నారు కదా, దాన్నే డేటమ్ అంటారు. సీఎన్‌సీ టేబుల్ మీద ముక్కని బిగించేటప్పుడు కూడా ఆలోచించేది ఇదే.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1868లో మాస్కోలోని సాంకేతిక పాఠశాలలో విక్టర్ డెల్లా వోస్ అనే ఆయన, శిష్యుడు గురువు పక్కన ఏళ్ల తరబడి నిలబడి నేర్చుకునే తీరు కాకుండా, పనిని చిన్న చిన్న అభ్యాసాలుగా విడగొట్టి తేలికైన దాని నుంచి కష్టమైన దానికి వరసగా నేర్పించడం మొదలుపెట్టారు. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ నమూనాలు చూసి అమెరికాలో కూడా అందుకున్నారు. మీ చేతిలో ఉన్న ముక్క ఆ వరసలోదే.

జవాబు: చిత్రిక

నేను ఈ డిగ్రీ చదివి ఫర్నిచర్ ప్రొడక్షన్‌లో పనిచేస్తున్నాను. మెకానికల్‌తో తేడా నాకు తెలిసినట్టు చెప్తాను. మెకానికల్‌లో ఎక్కువగా నేర్పేది ఈ భాగం ఎంత బరువు మోస్తుంది, ఎంత వేడి తట్టుకుంటుంది, లోపల ద్రవం ఎలా పారుతుంది అన్నది, దానికి లెక్కలు చాలా లోతుగా వెళ్తాయి. మన దగ్గర ప్రశ్న వేరు. దీన్ని దేనితో చేయాలి, ఏ పని తర్వాత ఏ పని, ఒకటే కావాలా వెయ్యి కావాలా, వాడేవాళ్ల చేతికి ఎలా ఉంటుంది. మీకు మొదటిదే నచ్చుతుందంటే మొహమాటం లేకుండా మారండి, అందులో తప్పేం లేదు.

నా అనుభవం ఒకటి చెప్తాను. రెండో ఏడాదిలో నేనొక బల్ల చేశాను. వెడల్పాటి పైచెక్కని కింది ఫ్రేముకి చుట్టూ జిగురు పెట్టి గట్టిగా బిగించేశాను, స్క్రీన్ మీద మోడల్ చాలా అందంగా ఉండింది. కొన్ని నెలలకి వాతావరణం పొడిబారగానే పైచెక్క నిలువునా చీలిపోయింది. చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పొడవునా ముడుచుకునేది దాదాపు ఏమీ ఉండదు. అడ్డంగానే కదులుతుంది, అందులోనూ చెట్టు వయసు వలయాల వెంబడి ముడుచుకునేది కేంద్రం నుంచి బయటికి ముడుచుకునే దానికన్నా ఇంచుమించు రెట్టింపు. ఫ్రేములో స్క్రూలకి గుండ్రటి రంధ్రాలు కాకుండా కోలగా ఉండే రంధ్రాలు పెట్టి ఉంటే చెక్క తనపాటికి తాను జరిగేది. ఇదంతా నోట్సులో రాసుకుని పరీక్షలో కూడా రాశాను, అయినా బల్ల చీలాకే నాకు నిజంగా తెలిసింది. ఇప్పుడు ఏ డ్రాయింగ్ నా దగ్గరికొచ్చినా ముందు చూసేది, ఇది కదలడానికి చోటు ఉందా అనే.

జవాబు: మూడోఏడు

లెక్కల గురించి భయపడకండి, నేనూ అలాగే భయపడ్డాను. ముందుగా వాడుకలోకి వచ్చేవి త్రికోణమితి, నిష్పత్తులు, యూనిట్లు మార్చుకోవడం. ఉదాహరణకి లేత్ (ముక్కని తిప్పుతూ కోసే మెషీన్) మీద 25 మి.మీ. వ్యాసం ఉన్న మైల్డ్ స్టీల్ కడ్డీ, హైస్పీడ్ స్టీల్ టూల్, కటింగ్ స్పీడు నిమిషానికి 30 మీటర్లు అనుకుందాం. 30ని 1000తో గుణించి, π (పై) ఇంటూ 25తో భాగిస్తే నిమిషానికి దాదాపు 380 చుట్లు. అదే కడ్డీ 100 మి.మీ. లావుంటే 95 చుట్లే. లావు పెరిగితే చుట్లు ఎందుకు తగ్గించాలో మెషీన్ ముందు నిలబడితే లెక్క దానంతటదే అర్థమవుతుంది.

లెక్కల కన్నా దీని మీద ఎక్కువ జాగ్రత్త పడండి: లేత్ దగ్గరా డ్రిల్లింగ్ మెషీన్ దగ్గరా గ్లవ్స్ వద్దు, తిరిగే ముక్క గ్లవ్‌ని పట్టుకుంటే దాంతో పాటు చేతిని కూడా లాగేస్తుంది. పొడుగు చేతుల చొక్కా మడవండి, జుట్టు కట్టుకోండి. చక్ (ముక్కని పట్టుకుని తిరిగే భాగం) కీతో బిగించాక కీని చేతిలోంచి వదలకుండానే తీసేయడం అలవాటు చేసుకోండి. నేను ఒకసారి చక్‌లోనే వదిలేసి స్విచ్ దాకా వెళ్లాను, పక్కనున్న అమ్మాయి చూసి అరిచింది కాబట్టి సరిపోయింది, ఇప్పటికీ తలచుకుంటే చేతులు చల్లబడతాయి.

జవాబు: రెండుపక్కలా

పైన చెప్పినవాటితో ఏకీభవిస్తాను కానీ ఒక మాట కలపాలి. ఆకురాయి పని మంచిదే, అయితే అది ఎన్నాళ్లు అన్నది కూడా చూడాలి. ఈ పేరుతో ఉండే కోర్సులన్నీ ఒకటి కావు, కొన్ని టీచర్లని తయారుచేసేవి, కొన్ని డిజైన్ వైపు, కొన్ని ప్రొడక్షన్ వైపు ఉంటాయి. అమెరికాలో ఈ సబ్జెక్టు టీచర్ల సంఘమే 1985లో తన పేరులోంచి ఇండస్ట్రియల్ ఆర్ట్స్ తీసేసి టెక్నాలజీ ఎడ్యుకేషన్ అని పెట్టుకుంది. అందుకని మీ డిపార్ట్‌మెంట్ సిలబస్ నాలుగేళ్లదీ తెప్పించుకుని చదవండి. రెండో ఏడాదికల్లా క్యామ్ (కంప్యూటర్ సాయంతో తయారీ), ఎలక్ట్రానిక్స్, మెటీరియల్స్ టెస్టింగ్ రావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీరే ఒక సమస్య వెతికి, మీరే డిజైన్ చేసి, మీరే తయారుచేసే ప్రాజెక్టు ఉండాలి. అప్పటికీ వేరేవాళ్లు గీసిన డ్రాయింగే చేయిస్తుంటే మాత్రం నేనైతే ఆలోచిస్తాను.

1919లో జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ అనే డిజైన్ పాఠశాల మొదలుపెట్టినప్పుడు ఒక్కో వర్క్‌షాప్‌కి ఇద్దరేసి గురువుల్ని పెట్టారు, రూపం చెప్పడానికి ఒక కళాకారుడు, పని చెప్పడానికి ఒక చేతిపనివాడు. మీ కోర్సులో ఆ రెండో మనిషి గట్టిగా ఉన్నట్టే కనిపిస్తోంది. మొదటివాళ్లు ఎవరో కనుక్కోండి.

కొత్తబెంచి

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ బ్లూ పూసి చూశాను, వెర్నియర్ గారు చెప్పినట్టే రంగంతా మధ్యలోనే అంటింది. చేతుల బరువు మార్చుకుంటూ రెండు గంటలు చేశాక రెండు ముఖాలు పాస్ అయ్యాయి, మూడో దాంట్లో ఒక మూల నుంచి ఇంకా వెలుగొస్తోంది. సిలబస్ కూడా తెచ్చుకున్నాను, రెండో ఏడాది రెండో సెమిస్టర్‌లో సొంత ప్రాజెక్టు ఉంది. బ్రాంచి మారే అప్లికేషన్ ఇవ్వట్లేదు. ఒక చిన్న సందేహం, ఇంతకుముందు పాడుచేసిన ముక్కలు రెండున్నాయి, స్క్రాప్ డబ్బాలో వేసేయమంటారా?

వెర్నియర్

వేయకండి. వాటి మీద తేదీ పంచ్ చేసి దాచుకోండి. డ్రిల్లింగ్, ట్యాపింగ్ (రంధ్రంలో మరలు కోయడం) మొదలైనప్పుడు ప్రాక్టీసుకి ముక్కలు కావాల్సి వస్తాయి. మూడో ముఖానికి ఆ మూల వైపు ముట్టుకోకుండా దాని ఎదుటి వైపు మాత్రమే సన్న ఆకురాయితో నాలుగైదు తోపులు వేసి మళ్లీ బ్లూ పెట్టి చూడండి.