వైట్స్ చెట్టు కప్పకి తొడల్లో ఎరుపు, తిండి మానేసింది

ప్రశ్న (మధురవాడ): ఇంట్లో పెంచుకుంటున్న వైట్స్ చెట్టు కప్ప, బొద్దింక వేసినా ముట్టట్లేదు. పగలంతా నీళ్ల గిన్నెలోనే. తొడల లోపల, పొట్ట మీద ఎర్రటి చుక్కలు. కుళాయి నీళ్లే పోస్తున్నా. ఏదైనా ఆయింట్‌మెంట్ రాయొచ్చా?

జవాబు: వద్దండి బాబూ! కప్ప చర్మం మందుని నేరుగా లోపలికి పీల్చేస్తుంది. నొప్పి తగ్గడానికి లిడోకైన్ కలిపినవైతే ప్రాణం మీదకొస్తుంది. వేరే డబ్బాలో తడి టిష్యూ పరిచి పెట్టండి, టిష్యూ రోజూ మార్చాలి. 25 డిగ్రీలు చాలు. వైజాగ్ ఉక్కలో మూత బిగించేస్తే గాలాడక బాక్టీరియా పెరుగుతుంది. కుళాయి నీళ్లలో డీక్లోరినేటర్ (క్లోరిన్ పోగొట్టే మందు) తప్పనిసరి.

ఇంకో జవాబు: ఎర్రకాళ్ల జబ్బులా ఉంది. ఏరోమోనాస్ లాంటి బాక్టీరియా రక్తంలో చేరితే ఇలాగే అవుతుంది. కైట్రిడ్ ఫంగస్‌లోనూ (కప్పల చర్మానికి పట్టే బూజు) ఎరుపు రావచ్చు, అందుకే స్వాబ్ (చర్మాన్ని దూదిపుల్లతో తుడిచి చేసే పరీక్ష) తీయించండి. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మోతాదు బరువుని బట్టి డాక్టరే చెప్పాలి, గ్రాముల్లో తూచి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు: చేత్తో పట్టుకోవచ్చా?

జవాబు: పౌడర్ లేని గ్లవ్స్, తడిపి.