సమస్యాపూరణం: చేదె చెవికి నింపు చెఱకు కన్న

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇది. చెవికిన్ + ఇంపు: చెఱకు కన్నా చేదే చెవికి ఇంపు అని భావం. యతి (పాదంలో అక్షరాల మైత్రి) చే–చె. మిగిలిన మూడు పాదాలు రాసి పూరించండి.

గుంటూరు మాస్టారు:
సీత విడువు మనుచు జెప్పిన తమ్ముని
రావణుండు దఱిమె రచ్చలోన
గూలువేళ గాని గుఱుతింప డాతండు
చేదె చెవికి నింపు చెఱకు కన్న

నిర్వాహకుడు: ధార బాగుంది మాస్టారూ. అయితే వాల్మీకంలో రావణుడు తరమలేదు, నిండు సభలో నిందించాడు. విభీషణుడే నలుగురు అనుచరులతో లేచి వెళ్లాడు. “దఱిమె” తీసి “దిట్టె” అనండి, గణం (అక్షరాల కొలత) చెడదు. జరిగిన కథ కనుక “గుఱుతింపడయ్యెను” అంటే ఇంకా నయం.

నిజామాబాదు సభ్యురాలు:
పల్లెబావి కడకు బడతి యొక్కతె వచ్చి
గిలక పాడుచుండ గేలు సాచి
తాడు లాగి లాగి తనివితీరగ నీరు
చేదె; చెవికి నింపు చెఱకు కన్న

మాస్టారు: అమ్మా, శభాష్! చేదును క్రియ చేసి నీళ్లు తోడించారు. నాకు తట్టనే లేదు. కానీ ఇంపైనది ఏది? కర్త కనబడదు. “గిలక పాట వినుచు” అంటే అన్వయం కుదురుతుంది. “తనివితీరగ” మాత్రం గణాల కోసం వచ్చినట్టుంది.

కొత్త సభ్యుడు: “చెవికి సొంపు” అంటే తప్పా అండీ? వినసొంపు అంటాం కదా.

నిర్వాహకుడు: మంచి ప్రశ్న. సొంపు వస్తువులో ఉంటుంది: నడక సొంపు, తోట సొంపు. వినసొంపు కూడా పాట గుణమే. ఇంపు అనుభవించేవారి పక్షం. అందుకే దానికి “కు” తోడు కావాలి: చెవికింపు, కంటికింపు, మనసుకింపు. కచేరీలో పాటకు ఎంత సొంపున్నా, వెనక వరుసలో కునుకు తీస్తున్నవాడి చెవికి ఇంపు కాదు. కవులు ఇంపారు, సొంపారు అని రెండింటినీ ఒకే తీరున వాడారు కనుక తేడా మరుగున పడింది. కన్నడంలోనూ ఇంపు ముందుగా చెవి సొత్తే. మీ సవరణతో యతికి ఢోకా లేదు, కానీ సమస్య పదును పోతుంది.

కొత్త సభ్యుడు: మరి చెఱకు నాలుకది, చెవిది కాదు కదా?

నిర్వాహకుడు: ఆ మెలిక కోసమే చెఱకు పెట్టాను. ఇద్దరూ దాని జోలికి పోలేదు!

నిజామాబాదు సభ్యురాలు: గిలక పాట సవరణ శిరోధార్యం, మాస్టారూ. “తనివితీరగ” మాత్రం వదలను. వేసవిలో అడుగంటిన బావి నుంచి చేదిన నీళ్లవి.