శ్రుతి 200 హెర్ట్జ్‌కి చేరినా ఫోన్‌లో 'సర్' అనే అంటున్నారు, ఎందుకు?

వెన్నెలదారి:
ట్రాన్స్ మహిళల గొంతు సాధన గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. గొంతు శ్రుతి కొలిచే యాప్‌లో చూస్తే 190, 200 హెర్ట్జ్ దగ్గర నిలకడగానే ఉంటోంది. అయినా ఫోనెత్తి హలో అనగానే అవతల 'చెప్పండి సర్'. ఎదురుగా మాట్లాడేటప్పుడు ఇంత ఇబ్బంది లేదు. రోజూ గంట సాధన చేస్తే సాయంత్రానికి గొంతు రాసుకుపోయి జీర వస్తోంది. ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) మందులు మొదలై ఏడాది దాటినా గొంతులో మార్పు లేదు. ఇక ఆపరేషన్ ఒక్కటే దారా? ఇంకొకటి, ఇంట్లోవాళ్ల ముందు నోరు తెరిస్తే పాత గొంతే వచ్చేస్తుంది. దానికేం చేయాలి?

కంఠసాధన:
హార్మోన్ల సంగతి ముందు తేల్చేద్దాం. ఈస్ట్రోజన్ గొంతును మార్చదు. యుక్తవయసులో టెస్టోస్టిరాన్ వల్ల పొడుగై మందమైన స్వరతంత్రులు మళ్లీ పలచబడవు. మీ మందుల్లో లోపమేమీ లేదు, ఆ ఎదురుచూపు మానేయండి.

ఇక శ్రుతి. మగ గొంతులు మామూలుగా 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య, ఆడ గొంతులు 165 నుంచి 255 మధ్య ఉంటాయి. రెండూ కలిసిపోయే చోటు ఉంది కదా, అక్కడ చెవి శ్రుతిని నమ్మదు, అనునాదాన్ని, అంటే గొంతు, నోటి లోపలి ఖాళీలో స్వరం మోగే తీరును చూస్తుంది. స్వరతంత్రుల నుంచి పెదవుల దాకా ఉన్న గొట్టం మగవాళ్లలో సుమారు 17 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 14, 14.5. బిందెలో నీళ్లు నిండుతున్నకొద్దీ చప్పుడు సన్నబడటం విన్నారుగా. లోపల ఖాళీ తగ్గేకొద్దీ మోత మారుతుంది. మీరు శ్రుతి పెంచారు గానీ బిందె ఇంకా ఖాళీగానే ఉంది. అందుకే 200లో మాట్లాడినా 'మగవాడు గొంతు సన్నం చేశాడు' అన్నట్టు వినిపిస్తుంది.

ఫోన్‌లో ఇది ఇంకా బయటపడుతుంది. పాతకాలపు మామూలు ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. మీరు కష్టపడి తెచ్చిన ఆ 200 హెర్ట్జ్ మూలస్వరం అవతలికి చేరనే చేరదు. దాంతోపాటు మోగే పైస్వరాలను బట్టి చెవి దాన్ని ఊహించుకుంటుంది. ముఖం ఎలాగూ కనబడదు. ఇక 'హలో' అనే మాట ఉంది చూశారూ, సాధన చేసేవాళ్ల పాలిట అదో గండం. చివరి ఓకారానికి పెదవులు ముందుకు సాగి గొట్టం పొడుగైపోతుంది. పెదవులు మరీ సున్నా చుట్టకుండా, మూలలు కాస్త పక్కకు లాగి 'హలో, చెప్పండీ' అని ఈకారంతో ముగించండి.

సాధన ఇలా చేయండి. కంఠమణి మీద వేలు పెట్టి గుటక వేస్తే అది పైకెళ్తుంది. ఆవలిస్తే కిందికి దిగుతుంది. కదలిక తెలియడానికే ఇది, మింగేటప్పటి స్థితిలో బిగబట్టి మాట్లాడకూడదు. తర్వాత గొంతు పలకకుండా ఉత్త ఊపిరితో పెద్ద కుక్క రొప్పినట్టు 'హా హా' అనండి, ఆ వెంటనే చిన్న కుక్కపిల్లలా. నవ్వొస్తే రానివ్వండి. రెండోసారి నాలుక వెనకభాగం లేచి, ఊపిరి పైఅంగిలికి తగిలినట్టుంటుంది. ఆ ఆకారం చెదరకుండా గుసగుసగా 'ఈ' అని, అందులోకి మెల్లగా గొంతు కలపండి. 'ఈ, ఏ, ఆ, ఓ, ఊ' అనే వరసలోనే వెళ్లండి. ఊకారం అన్నిటికంటే మొండిది. గుసగుస కూడా ఎక్కువసేపు చేస్తే గొంతు ఎండుతుంది, రెండు నిమిషాలు చాలు.

నీలికాగితం:
జీర ఎందుకొస్తోందో నేను చెప్తాను. గంటసేపు ఏకబిగిన చేయడం ఒక కారణం. 10 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు చేయండి. రెండో కారణం, శ్రుతి పెంచడానికి మీరు మెడ కండరాలు బిగిస్తూ ఉండి ఉంటారు. అద్దంలో చూడండి: మాట్లాడేటప్పుడు గడ్డం పైకి లేస్తున్నా, మెడ నరాలు తేలుతున్నా బిగిస్తున్నట్టే. నాలుగు రోజులు 170కి దిగి అనునాదం మీదే పని చేయండి.

మొదలుపెట్టే ముందు గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు సెంటీమీటర్లు మునిగేలా పెట్టి, బుడగలు సమంగా వచ్చేలా 'ఊ' అంటూ కింద నుంచి పైకి, పై నుంచి కిందికి జారండి. మూడు నిమిషాలు. బుడగలు తెగి తెగి వస్తే ఊపిరి నిలకడగా లేదని అర్థం. నొప్పి వస్తే ఆ పూటకు ఆపేయాలి, ఓర్చుకుని చేసే వ్యాయామం కాదిది. జీర మూడు వారాలు దాటితే ముక్కు-చెవి-గొంతు డాక్టరుకు చూపించండి.

వెన్నెలదారి:
కుక్కపిల్ల పద్ధతిలో ఈ, ఏ వస్తున్నాయి. మాటల్లో పెడితే వాక్యం చివర జారిపోతోంది.

కంఠసాధన:
తెలుగులో అదే చిక్కండి. వాక్యం క్రియతో, క్రియ అచ్చుతో ముగుస్తుంది. 'వస్తాను', 'చూశాను' అనేసరికి ఊపిరి అయిపోయి చివరి 'ను' ఛాతీలోకి పడిపోతుంది. వాక్యాన్ని రెండు ఊపిర్లకు విరవండి. చివరి అక్షరాన్ని పొట్టిగా, తేలిగ్గా వదిలేయండి. అచ్చుతో మొదలయ్యే మాటల్ని కూడా గుద్దినట్టు పలక్కండి. 'అవును' అనే ముందు లేశమంత హకారం ఊహించుకుంటే మెత్తగా వస్తుంది. వారానికోసారి ఒకే పేరా, ఫోన్ ఒకే దూరంలో పెట్టి రికార్డు చేయండి. ఏ రోజుకారోజు వింటే నిరాశే మిగులుతుంది.

దగ్గు, నవ్వు కూడా సాధన చేయాల్సినవే. చాలామంది వీటిని మర్చిపోతారు.

మాటమూట:
ఇంట్లో పాత గొంతు రావడం వింతేమీ కాదు. ఆ మనుషుల్ని చూడగానే కండరాలు పాత అలవాటుకు పోతాయి. అందుకని కొత్త గొంతు ముందు కస్టమర్ కేర్ కాల్స్‌లో వాడండి. పొరపాటైనా పోయేదేం లేదు. తర్వాత పరిచయం లేని మనుషులు, తర్వాత స్నేహితులు, చివర ఇల్లు. ఇంట్లో ముందే ఒక మాట చెప్పి ఉంచండి: 'ఇకనుంచి ఇలా మాట్లాడతాను, కొన్నాళ్లు తడబడతాను.' చెప్పకుండా మొదలుపెడితే ఎవరో ఒకరు 'ఏమైంది గొంతుకి, జలుబా?' అంటారు, అక్కడితో నోరు మూతపడుతుంది. ఇంట్లో చెప్పడమే ప్రమాదమైతే మాత్రం బయటే వాడండి, తొందరేం లేదు.

'వచ్చాను', 'చేస్తాను' అన్నప్పుడు ఆడా మగా తేడా రాదు. కానీ 'చదివేవాణ్ణి', 'వెళ్లేవాణ్ణి', 'ఒంటరివాణ్ణి' దగ్గర నోరు జారుతుంది. 'చదివేదాన్ని', 'వెళ్లేదాన్ని' అని పది వాక్యాలు రాసుకుని పైకి చదవండి. మీ గురించి చెప్పేటప్పుడు 'వచ్చింది' అనడానికి నోరు రానివాళ్లను 'వచ్చారు' అనమనండి. బహువచనం కాబట్టి వాళ్లకీ ఇబ్బంది ఉండదు. 'ఏరా' అనే అలవాటు పోనివాళ్లకు పేరు పెట్టి పిలవమని చెప్పడమే తేలిక.

ఎవరైనా 'సర్' అంటే 'మేడమ్ అండీ, నా ఆర్డరు...' అని ఆగకుండా అసలు పనిలోకి వెళ్లిపోండి. సంజాయిషీ ఇచ్చుకుంటే అవతలివాళ్లు కంగారు పడి ఇంకా సాగదీస్తారు. అన్నట్టు, గొంతు మార్చుకోకపోయినా మీరు మహిళే. ఈ సాధన మీ సౌకర్యం కోసం, ఎవరికో రుజువు చూపించడానికి కాదు.

నీలికాగితం:
ఆపరేషన్ మాట మిగిలిపోయింది. గ్లాటోప్లాస్టీలో స్వరతంత్రుల ముందు భాగాన్ని కలిపి కుట్టేస్తారు. మోగే పొడవు తగ్గి శ్రుతి పెరుగుతుంది. గొట్టం పొడవు మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి అనునాదం మారదు. మీకు శ్రుతి ఇప్పటికే వచ్చేసింది గనక, ఇప్పుడు చేయించుకున్నా ఈ ఫోన్ సమస్య తీరదు. గట్టిగా అరిచే శక్తి కూడా కొంత తగ్గవచ్చు. కంఠమణి చెక్కించడం వేరే ఆపరేషన్, అది మెడ రూపం కోసమే.

ఇది చదివే ట్రాన్స్ పురుషులకు ఒక మాట. టెస్టోస్టిరాన్‌తో గొంతు మొదటి కొన్ని నెలల్లో దిగడం మొదలై ఏడాది, రెండేళ్లలో కుదురుకుంటుంది. మందు ఆపినా వెనక్కి రాదు. గొంతు పగిలే రోజుల్లో బలవంతంగా కిందికి నొక్కి మాట్లాడొద్దు. సాధన చేసేటప్పుడు బైండర్ (ఛాతీ చదునుగా కనబడేలా బిగించి వేసుకునే లోదుస్తు) తీసేయండి. పక్కటెముకలు విప్పారకపోతే ఊపిరి గొంతులోనే ఆగిపోతుంది.