పాత 25 హెచ్‌పీ ట్రాక్టర్: ఇంజన్ చేయించాల్నా, అమ్మాల్నా?

నర్సంపేట రైతుబిడ్డ:
అన్నలూ జర సలహా చెప్పుండ్రి. మా బాపు 2004ల తీసుకున్న బండి, 25 హెచ్‌పీ, రెండు సిలిండర్లు. మాకు నాలుగెకరాల ఇరవై గుంటలు ఉంది, రెండెకరాలు పాకాల ఆయకట్టు కింద వరి, మిగిలిందంతా పత్తి. పోయిన వానకాలం దమ్ము కాడ్నుంచి నీలం పొగ మొదలైంది, ఇప్పుడైతే పది గంటలు నడిస్తే లీటర్ ఇంజనాయిల్ తాగుతంది. మిస్త్రీ చూసి ఫుల్ ఇంజన్ చెయ్యాలె, లైనర్లు పిస్టన్లు రింగులు బేరింగులు హెడ్ పని అన్నీ కలిపి 58 వేలు అన్నడు. బ్రోకర్ ఉన్నదున్నట్టు 95 వేలకు అడుగుతుండు. తమ్ముడు హైదరాబాద్‌ల ఉంటడు, అమ్మేసి కిరాయికి దున్నిద్దాం అంటడు. బాపు ఏమంటలేడు, పొద్దున లేచి బండి మీది కవర్ తీసుడు, తుడుసుడు, మళ్ల కప్పుడు. పత్తి ఏరుడు అయ్యేలోపు ఏదో ఒకటి తేల్చాలె.

జమ్మికుంట అన్న:
అమ్మెయ్ తమ్మీ. ఇరవై ఏండ్లు దాటింది. ఇవ్వాల ఇంజన్ చేస్తవ్, వచ్చే ఏడు క్లచ్చు, ఆ తర్వాత హైడ్రాలిక్ పంపు, ఎనక టైర్లు, దీనికి అంతే ఉండదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, కొత్తవి అగ్గువైనంక పాతవాటిని ఎవడు మంచి రేటుకు అడుగుతడు? ఇయ్యాల వచ్చే 95 వేలు వచ్చే ఏడు రావు.

పరకాల రైతు:
అన్నా నువ్వు చెప్పిన రేటు లెక్క కాదనను కానీ అమ్మితే ఏమైతదో నేను చూసిన, అందుకే రాస్తున్న. మూడేండ్ల కింద మాది గూడ గిట్లనే పొగ పెడితే 1 లక్షా 5 వేలకు అమ్మిన. ఆ యాసంగి కాల్వ నీళ్లు ఇడిసిండ్రు, ఊరంతా ఒక్కపారే దమ్ముల మీద పడ్డరు, కేజ్‌వీల్స్, అదే బురదల నడిచే ఇనుప చక్రాలు, ఉన్న బండ్లు ఊర్ల నాలుగే. పెద్ద కమతాలోళ్లకు ముందు కొట్టి మాకు తొమ్మిదో రోజున వచ్చిండు, అది గూడ రాత్రి పదకొండు గంటలకు, లైట్లు ఏసుకొని. అప్పటికి నారు నలభై రోజులైంది. పీకుతుంటే మొదలు కాడ గట్టిగై ఏర్లు పెటపెట తెగినయి, ముదురు నారు పెడితే పిలకలు ఏం వస్తయి చెప్పు? ఆ రెండెకరాల్ల పోయిన వడ్లు ఏ కిరాయి లెక్కల రాసుకోవాలె?

పైసల లెక్క గూడ చేద్దాం. నర్సంపేట తమ్మునికి రెండు పంటలకు దమ్ము, పత్తి చేను దుక్కి, ట్రాలీ తోలుడు అన్నీ మా దిక్కు రేట్లకు చూస్తే ఏడాదికి 34 వేల దాకా కిరాయి అయితది. సొంతదయితే డీజిల్‌కు 12 వేలు పెట్టుకో. తేడా 22 వేలు. 58 వేలు రెండున్నరేండ్లు దాటినంక ఎల్లుతయి, ఇంజన్ మంచిగ చేస్తే అంతకంటే ఎక్కువే నడుస్తది.

జమ్మికుంట అన్న:
ఆ 22 వేలల్ల ఆయిల్, ఫిల్టర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్ తీసినవా? నాలుగేండ్లయినా ఎల్లవు. దమ్ము టైంల బండి దొరకదన్నది నిజమే, నేను ఒప్పుకుంటున్న, దానికి ముందుగాల్నే మాట్లాడుకొని బయానా ఇయ్యాలె.

పరకాల రైతు:
బయానా ఇచ్చినోన్నే అన్నా నేను.

మానుకోట షెడ్డు:
నేను ట్రాక్టర్ పనే చేస్త. అమ్ముడో బాగుచేసుడో తర్వాత, ముందు బండిని చూడుండ్రి. పొద్దున స్టార్ట్ చేయంగనే నీలం పొగ బుస్సుమని వచ్చి తర్వాత తగ్గితే వాల్వ్ గైడ్ల మీద అనుమానం, అది హెడ్ పనితోని పోతది. లోడ్ మీద విడవకుండ వస్తుంటే రింగులు, లైనర్లు. ఇంజన్ నడుస్తుండంగ ఆయిల్ పోసే మూత తియ్యి, గాలి పుప్పుపుమని కొట్టి చేతికి ఆయిల్ తుంపర పడుతుందంటే కింద పని, అదే రింగులు లైనర్ల పని, తప్పది. తర్వాత కల్టివేటర్ తగిలించి పైకి లేపి ఇంజన్ బంద్ చెయ్యి, ఎంతసేపు నిలుస్తదో చూడు, హైడ్రాలిక్ సంగతి దాంతోని తెలుస్తది. గేర్లు జారుతున్నయా, ఎనక హౌసింగ్‌ల కూత వస్తుందా? ఇవి మంచిగుంటేనే ఇంజన్ మీద పైసలు పెట్టు, ఇవి గూడ పోతే జమ్మికుంట అన్న మాటే నా మాట.

హెడ్ ఇప్పేటప్పుడు నువ్వు అక్కడే కూసో. క్రాంక్, అదే పిస్టన్లు తిప్పే షాఫ్ట్, స్టాండర్డ్ సైజులనే ఉందా, ఇదివరకే అరిగితే గ్రైండింగ్ చేసి సన్నం చేసిండ్రా కొలిపియ్యి. పాత సామాను ఇంటికి తెచ్చుకో. జీఎస్టీ ట్రాక్టర్లకే కాదు, ట్రాక్టర్ టైర్లకు, చానా విడిభాగాలకు గూడ 18 నుంచి 5 అయింది, బిల్లు అడిగి తీసుకో. కంపెనీ ఇంకా నడుస్తుందా అన్నది గూడ చూడాలె, హెచ్ఎంటీ ట్రాక్టర్ల ప్లాంటు 2016ల మూతపెట్టాలని కేంద్రం నిర్ణయం తీసుకుంది, ఆ బండ్లకు ఒక్కో సామాను కోసం తిరిగి తిరిగి వచ్చేటోళ్లు మా షెడ్డుకు ఇప్పటికీ వస్తరు. ఇంకో ముచ్చట, కొత్తగ చేసిన ఇంజన్ మొదటి యాభై గంటలు గట్టి లోడ్ మీద పెట్టొద్దు. దమ్ముకు రెండు రోజుల ముందు చేయించి బురదల దింపితే చేసిన పని దండుగ.

ములుగు తమ్ముడు:
అమ్మితే మాత్రం పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఊకోకు, ఆర్సీ కొన్నోని పేరు మీదికి మారిందాక ఎంటబడు. బండి ఎన్ని చేతులు మారినా రికార్డుల ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్, యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం బాధ్యత వాళ్లదే అని 2018ల సుప్రీంకోర్టు చెప్పింది. బ్రోకర్లు పేరు మార్చకుండనే ఇంకోనికి అమ్ముతరు.

నర్సంపేట రైతుబిడ్డ:
అందరికీ దండాలు. మానుకోట అన్న చెప్పినట్టే చూసిన. మూత తీస్తే గాలి గట్టిగనే కొడుతంది, అంటే కింద పని ఉంది. కల్టివేటర్ లేపి రాత్రి పండుకున్న, పొద్దున లేచి చూస్తే నాలుగు వేళ్లంత దిగింది అంతే. గేర్లు మంచిగున్నయి. నిన్న హెడ్ ఇప్పిండ్రు, బాపు, నేను అక్కడే ఉన్నం, ఒక లైనర్‌ల గీతలు గోరుకు తగులుతున్నయి. క్రాంక్ స్టాండర్డే. బేరింగులు మార్చి, లైనర్లు పిస్టన్లు సెట్టు ఏసి, హెడ్ పనితో 49 వేలు అన్నరు. జమ్మికుంట అన్నా, నీ మాట తీసేస్తలేను, క్లచ్చు పోయిన రోజు మళ్ల ఇక్కడ్నే అడుగుత. ఈ నెలల్నే చేయిస్తున్న, పత్తి ట్రాలీలు తోలుకుంట యాభై గంటలు నడిపి అప్పుడు దమ్ముల దింపుతం.