కుండీ మొక్కలు, బోన్సాయ్‌లలో ఆకుమచ్చ తెగుళ్ళు: డెల్టా పెంపకందారుల చర్చ

మేడతోట (అమలాపురం):
అందరికీ నమస్కారం. వానలు పట్టినప్పటి నుంచి మా మేడ మీద మూడు రకాల మొక్కలకు తెగులు సోకింది. గులాబీలకు కింది ఆకుల మీద నల్లని గుండ్రటి మచ్చలు వచ్చి, ఆకు పసుపుబారి రాలిపోతోంది. జువ్వి బోన్సాయ్ ఆకుల మీద పసుపు అంచుతో గోధుమరంగు మచ్చలున్నాయి. దేవగన్నేరు ఆకు తిప్పి చూస్తే అడుగున నారింజరంగు పొడి చేతికి అంటుతోంది. మందుల దుకాణంలో కార్బెండజిమ్, మాంకోజెబ్ అనే రెండు శిలీంధ్రనాశనులు (బూజు జాతి తెగుళ్ళను ఆపే మందులు) కలిసిన పొట్లం ఒకటిచ్చి అన్నిటికీ అదే చాలన్నారు. అది చల్లుతున్నా పాత మచ్చలు పోవడం లేదు. మందు మార్చాలా, మోతాదు పెంచాలా?

నర్సరీ మనిషి (కడియపులంక):
మోతాదు పెంచకండి. ఆ పొట్లం మందు లీటరు నీటికి 2 గ్రాములు చాలు. పడిన మచ్చ ఏ మందుకూ పోదు, ఎందుకంటే అక్కడి కణజాలం అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. మందు పని చేసిందో లేదో తెలియాలంటే మందు చల్లిన తరువాత వచ్చిన చిగురును చూడాలి గాని పాత ఆకును కాదు.

మీరు చెప్పినవి మూడు వేర్వేరు తెగుళ్ళు. గులాబీకి వచ్చింది నల్లమచ్చ. దాని బీజాలు (శిలీంధ్రం వ్యాపించే, కంటికి కనిపించని రేణువులు) మొలకెత్తి ఆకులోకి దిగాలంటే ఆకు దాదాపు 7 గంటలపాటు ఎడతెగకుండా తడిగా ఉండాలి. మన దగ్గర వానాకాలంలో సాయంత్రం పడిన జల్లు తెల్లవారే దాకా ఆరదు కాబట్టి తెగులుకు కావలసిన సమయం రోజూ దొరుకుతూనే ఉంటుంది. అందుకే కొనడానికి వచ్చినవారితో నేను మందు కంటే ముందు కుండీల దూరం గురించి మాట్లాడతాను, అది వినడానికి చాలామందికి ఓపిక ఉండకపోయినా సరే. రెండు కుండీల ఆకులు ఒకదానికొకటి తగలకూడదు. నీళ్ళు ఉదయం పూట మొక్క మొదలు దగ్గర పోయాలి. పైపుతో మొక్క మొత్తం తడపడం వేసవిలో చెల్లుతుంది గాని ఇప్పుడు చెల్లదు. రాలిన ఆకులను కుండీలో ఎరువుగా వదిలేయకండి, వాన చినుకు మట్టికి కొట్టుకుని పైకి చిందినప్పుడు బీజాలు ఆ ఆకుల నుంచే మళ్ళీ కింది కొమ్మలకు చేరతాయి. పోగుచేసి కాల్చేయడమో దూరంగా పాతిపెట్టడమో చేయండి.

దేవగన్నేరుది తుప్పు తెగులు. దాని మీద కార్బెండజిమ్ అంతగా పనిచేయదు.

జువ్విచెట్టు (రాజమహేంద్రవరం):
బోన్సాయ్ సంగతి నేను చెబుతాను. ముందుగా ఒక విషయం చూసుకోండి: జువ్వి ఆకు మధ్య ఈనె వెంబడి పుస్తకంలా మడతపడి, విప్పితే లోపల సన్నని నల్లని పురుగులు కనిపిస్తే అది తామరపురుగు పని, తెగులు కాదు. దానికి శిలీంధ్రనాశని చల్లడం డబ్బు దండగ. మడత లేకుండా మచ్చలు మాత్రమే ఉంటే ఆకుమచ్చ అనుకోవచ్చు.

జువ్వి, మర్రి, రావి వంటి చెట్లు ఆరోగ్యంగా ఉంటే ఆకులు తుంచినా మళ్ళీ చిగురిస్తాయి కాబట్టి మచ్చలున్న ఆకులను తొడిమ కొంచెం మిగిల్చి కత్తిరించవచ్చు. అయితే ఆ సంవత్సరం కుండీ మార్చిన చెట్టుకు గాని, వేరు దెబ్బతిన్న చెట్టుకు గాని ఈ పని చేయకూడదు. జూనిపర్ వంటి సూది ఆకుల చెట్టుకు ఎప్పుడూ చేయకూడదు. కొమ్మలు ఒత్తుగా పెరిగి గాలి ఆడకపోవడమే బోన్సాయ్‌లో మచ్చలకు సగం కారణమని నా అభిప్రాయం. వానలు ముదరక ముందే లోపలి పుల్లలు పలుచన చేస్తే మందు అవసరం బాగా తగ్గుతుంది. కత్తెరను ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు వెళ్ళేటప్పుడు స్పిరిట్‌తో తుడవండి.

కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లేవారు ఒకటి గమనించాలి: మట్టి మీద పెంచుకున్న నాచు ఆ రాగికి చచ్చిపోతుంది. నాచు ముఖ్యమనుకుంటే మట్టి మీద కాగితం కప్పి చల్లండి.

సముద్రపుగాలి (అంతర్వేది వైపు):
మా వైపు ఇంకో తికమక ఉంది. వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేసినప్పుడు బోరు నీళ్ళే గతి, అవి ఉప్పగా ఉంటాయి. ఆకు కొసలు, అంచులు గోధుమరంగుకు మాడతాయి గాని మధ్యలో గుండ్రటి మచ్చలు ఉండవు. ఇది తెగులేనని మందు మీద మందు కొట్టిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. తెగులు మచ్చ ఎక్కడైనా పుడుతుంది, ఉప్పు మాత్రం ముందు పాత ఆకుల కొసలను పడుతుంది. వాన నీటితోనో కాలువ నీటితోనో కుండీ అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా పోస్తే ఉప్పు కొట్టుకుపోయి కొత్త ఆకులు శుభ్రంగా వస్తాయి.

ఉద్యాన విద్యార్థిని (వెంకటరామన్నగూడెం):
మందు మార్చాలా అని అడిగారు కదా, దానికి సమాధానం ఇస్తాను. మాంకోజెబ్, రాగి మందులు ఆకు పైన పొరలా ఉండి బీజం మొలకెత్తకుండా ఆపుతాయి. శిలీంధ్రాన్ని ఒకేసారి అనేక చోట్ల దెబ్బతీస్తాయి కాబట్టి వీటికి అది అలవాటు పడడం అరుదు. కాని గట్టి వాన పడితే కడుక్కుపోతాయి, మళ్ళీ చల్లాలి. కార్బెండజిమ్ ఆకులోకి ఇంకుతుంది గాని ఒకే చోట పనిచేస్తుంది కనుక, పదేపదే అదే వాడితే దాన్ని తట్టుకునే రకాలే మిగులుతాయి. హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్ వేరే పద్ధతిలో పనిచేస్తాయి. తుప్పు తెగులుకు లీటరుకు 1 మిల్లీలీటరు ప్రోపికొనజోల్ కలిపి ఆకు అడుగు భాగం బాగా తడిసేలా చల్లితే ఫలితం కనిపిస్తుంది. ఈ కుటుంబపు మందులకు మొక్క ఎదుగుదలను కుదించే గుణం కూడా ఉంది కాబట్టి లేత చిగుళ్ళ మీద ఎక్కువ మోతాదు, ఎక్కువసార్లు వద్దు.

ఒకసారి మాంకోజెబ్, తరువాతిసారి వేరే కుటుంబపు మందు, ఇలా మార్చుకుంటూ వెళ్ళండి. ఆకుకు అంటుకునే జిగురు మందు కలిపితే వానాకాలంలో కొంత మేలు. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

కొబ్బరితోట (పాలకొల్లు):
కొబ్బరి మొవ్వు కుళ్ళుకు మేము వాడే బోర్డో మిశ్రమం కుండీ మొక్కలకూ పనికొస్తుంది. 1885 ప్రాంతంలో ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో మొదలైన మందు ఇది, ఇంకా పాతబడలేదు. లీటరు మిశ్రమానికి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం లెక్క. రెంటినీ వేర్వేరు ప్లాస్టిక్ పాత్రల్లో సగం సగం నీటిలో కరిగించి, సున్నపు నీటిలోకి మైలుతుత్తం నీటిని కలుపుతూ పోసుకోవాలి. ఇనుప పాత్ర వాడకూడదు. తరువాత మెరిసే ఇనుప చాకును ముంచి చూడండి. దాని మీద ఎర్రటి రాగి పొర పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం, అలాగే చల్లితే ఆకు మాడుతుంది. కలిపిన రోజునే వాడేయాలి.

ఇంకొక మాట. రాగి చేపలకు విషం. భీమవరం, పాలకొల్లు చుట్టూ ఎటు చూసినా చెరువులే కాబట్టి స్ప్రేయర్ కడిగిన నీళ్ళు కాలువలోకో చెరువు గట్టుకో వదలకండి.

మేడతోట (అమలాపురం):
అందరికీ ధన్యవాదాలు. దేవగన్నేరుకు మందు మారుస్తాను, గులాబీ కుండీలు ఎడంగా జరుపుతాను. మా అత్తగారు మందులు వద్దంటూ వంటసోడా, పాలు చల్లమంటున్నారు. అవి పనిచేస్తాయా?

నర్సరీ మనిషి (కడియపులంక):
బూడిద తెగులు మీద కొంత పనిచేస్తాయి, నల్లమచ్చకు, తుప్పుకు నమ్ముకోలేము. బూడిద తెగులు మన దగ్గర చలికాలంలో, రాత్రి చల్లబడి పగలు పొడిగా ఉన్నప్పుడు గులాబీ చిగుళ్ళ మీద తెల్లని పొడిలా వస్తుంది. మిగతా తెగుళ్ళకు విరుద్ధంగా దానికి ఆకు తడిసి ఉండనక్కరలేదు. అప్పుడు ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి ఎండ ఉన్న పూట చల్లవచ్చు, అత్తగారి మాట నెగ్గినట్టూ ఉంటుంది. ముదిరితే నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు వాడండి, కాని ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో గాని, వేపనూనె చల్లిన రెండు వారాల లోపు గాని గంధకం వద్దు, ఆకు కాలిపోతుంది.

జువ్విచెట్టు (రాజమహేంద్రవరం):
వంటసోడాను బోన్సాయ్ దగ్గరికి రానివ్వకండి. అందులోని సోడియం ఆ కాస్త మట్టిలో పేరుకుని వేళ్ళను దెబ్బతీస్తుంది.

ఆకుల మీద మసి పూసినట్టు నల్లగా ఉండి వేలితో రుద్దితే చెరిగిపోతోందా? అది పిండినల్లి, పొలుసు పురుగులు విసర్జించిన తేనెలాంటి జిగట మీద పెరిగే మసి తెగులు. పురుగును తొలగించి, ఆకును తడిగుడ్డతో తుడిస్తే చాలు, శిలీంధ్రనాశనితో పని లేదు. ఇక అడీనియం పెంచేవారు వానలు వెనక్కి తగ్గేదాకా, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు తుఫానుల రోజుల్లో, కుండీలను చూరు కిందికి జరిపి నీళ్ళు బాగా తగ్గించండి. దాని ఆకుల మీద మచ్చలు వస్తే ఆకులు రాలి మళ్ళీ వస్తాయి. మొదలు నొక్కి చూసినప్పుడు మెత్తగా తగిలితే మాత్రం ఆలస్యం చేయకుండా మట్టి నుంచి తీసి, కుళ్ళినంత మేర గట్టి కండ కనిపించేదాకా కోసి, కోత మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి అద్ది, గాయం పూర్తిగా ఎండిన తరువాతనే పొడి ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో నాటండి.