అమ్మానాన్నల ఐ-94 జూలై 21తో అయిపోతోంది, అక్టోబరు దాకా ఉండాలంటే ఏం చెయ్యాలి?

దాళ్వా_రైతు:
అమ్మా నాన్నా సంక్రాంతి వెళ్లాక బయల్దేరి జనవరి 22న అమెరికాలో దిగారు. ఇద్దరికీ పదేళ్ల బి1/బి2 (సందర్శక) వీసా ఉంది, ఇంకా ఆరేళ్లు మిగిలే ఉంది. ఐ-94లో, అంటే దిగినప్పుడు ఎన్నాళ్లు ఉండొచ్చో రాసే రికార్డులో, మాత్రం జూలై 21 అని పడింది. చెల్లికి జూన్ ఆఖర్లో కాన్పు. బిడ్డ పుట్టాక మూడు నెలలైనా ఉండి, అక్టోబరు 15 ప్రాంతంలో వెనక్కి రావాలని అనుకుంటున్నారు. నాన్న పాస్‌పోర్ట్ సెప్టెంబరు 9తో ముగుస్తోంది. ఇక్కడ భీమవరం దగ్గర నాలుగెకరాల చిల్లర వరి, లీజుకిచ్చిన ఒక చెరువు ఉన్నాయి. కాయితాలు ఏం కావాలన్నా నేనే పంపాలి.

వీసా ఉండగా మళ్లీ పొడిగింపు దేనికని ఊళ్లో అందరూ అంటున్నారు. అది నిజమేనా? పొడిగింపు పెడితే ఎప్పుడు పెట్టాలి, ఏమేం జతచెయ్యాలి, తిరస్కరిస్తే ఏమవుతుంది?

వశిష్ఠ_గట్టు:
ఊళ్లోవాళ్ల మాట పట్టుకుంటే పదేళ్ల వీసా పోతుందండి. వీసా ఉన్నది గుమ్మం దాకా వెళ్లి తలుపు తట్టడానికి. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. పొడిగింపు దరఖాస్తు ఏదీ పెట్టకుండా జూలై 21 దాటి ఒక్క రోజు ఉన్నా ఆ వీసా దానంతటదే రద్దవుతుంది. చూడ్డానికి స్టాంపు పాస్‌పోర్ట్‌లో భేషుగ్గానే ఉంటుంది కాబట్టి చాలామందికి ఈ సంగతి మళ్లీసారి విమానం దిగినప్పుడుగాని తెలియదు.

పెట్టాల్సిన ఫారం ఐ-539. ఒకరు ముఖ్య దరఖాస్తుదారు, రెండోవారికి ఐ-539ఎ జతచేస్తే ఇద్దరికీ కలిపి ఒకటే ఫీజు. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో అయితే 420 డాలర్లు, కాయితం మీద అయితే 470. కట్టేముందు యూఎస్‌సీఐఎస్ (ఈ దరఖాస్తులు చూసే అమెరికా వలస సేవల శాఖ) సైటులో మరోసారి చూసుకోండి, ఫీజులు మారుతుంటాయి. వేలిముద్రలకు విడిగా వసూలు చేసే 85 డాలర్లు 2023 అక్టోబరులోనే ఎత్తేశారు. పాత బ్లాగులు చూసి అది కూడా కలిపి పంపకండి.

గడువుకి కనీసం 45 రోజుల ముందు పెట్టమని వాళ్లే చెబుతారు. మీ లెక్కకి అది జూన్ 6. నా మాటగా అయితే మే నెల రెండో వారం మంచిది. మరీ ఫిబ్రవరిలోనే పెడితే, ఆరు నెలలు చాలవని తెలిసే వచ్చారని, అధికారికి ఆ మాట దాచారని అనుమానం వస్తుంది. చివరివారం దాకా ఆగితే మరో గొడవ. మీరు పోస్టు చేసిన తేదీ లెక్కలోకి రాదు, వాళ్లకి చేరి రసీదు పడిన తేదీయే లెక్క. సంతకం లేదనో ఫీజు తప్పనో తిప్పి పంపేస్తే అసలు పెట్టనట్టే. ఆన్‌లైన్‌లో పెట్టండి, రసీదు వెంటనే వస్తుంది. ఎవరి సంతకం వాళ్లే చెయ్యాలి, అమ్మగారు తెలుగులో చేసినా సరిపోతుంది. ఫారం మీ చెల్లెలు నింపితే, నింపినది తనేనని అందులో రాయాలి.

జూలై 21 లోపు పెట్టి ఉంటే, నిర్ణయం వచ్చేదాకా వాళ్లు అక్కడ ఉండటం తప్పు కాదు. దీనికి డబ్బు కట్టి తొందరచేసే ప్రీమియం పద్ధతి లేదు, నెలలు పడుతుంది. అక్టోబరు 15 నాటికీ ఉలుకూ పలుకూ లేకపోతే తిరిగి వచ్చెయ్యడమే. దరఖాస్తు వదులుకున్నట్టు లెక్క, దాంతో నష్టమేమీ లేదు.

నష్టం ఒక్కచోట ఉంది, అదీ తెలిసి ఉండాలి. సెప్టెంబరులో తిరస్కరించారనుకోండి. అప్పటికే జూలై 21 దాటింది కాబట్టి పదేళ్ల వీసా పోతుంది, మళ్లీ హైదరాబాదులో కొత్తది తీసుకోవాల్సిందే. తిరస్కరించిన మర్నాటి నుంచి అక్రమ నివాసం లెక్క మొదలవుతుంది. 180 రోజులు మించి ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు లోపలికి రానివ్వరు. ఉత్తరం అందిన వారంలోనే టికెట్ తీసుకోవాలి.

కౌలు_కాయితం:
పైన గడువుల సంగతి అంతా చెప్పారు, నేను కాయితాల గురించి చెబుతాను. ఈ దరఖాస్తులో ఎందుకు ఉంటున్నారన్నది సగమే. ఏ తేదీకి, ఏ పని మీద వెనక్కి వెళ్తారన్నది మిగతా సగం. మనవాళ్లు మొదటి సగం నాలుగు పేజీలు రాసి రెండోదానికి "మాకు ఇండియాలో ఆస్తులున్నాయి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు.

మీ నాన్నగారి దగ్గర గట్టి జవాబే ఉంది. సార్వా కోతలు నవంబరులో. కోతలకీ మాసూళ్లకీ మనిషి ఊళ్లో ఉండాలి కాబట్టి అక్టోబరు 15కి వెళ్తున్నామని ఉత్తరంలో రాయండి. దాని కింద మీభూమి (ప్రభుత్వ భూమి రికార్డుల) సైటులో తీసిన 1బి, అంటే భూమి ఎవరి పేరున ఎంతుందో చెప్పే కాయితం, అడంగల్ పెట్టండి. అడంగల్‌లో ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో ఉంటుంది గనక ఆ మాటకి సాక్ష్యం అదే. చెరువు లీజు అగ్రిమెంటులో గడువు ఎప్పుడు తీరుతుందో ఆ పేజీ కూడా జతచెయ్యండి.

ఇవన్నీ తెలుగులో ఉంటాయి కదా, ప్రతిదానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం కావాలి. దాని అడుగున అనువదించినవాళ్లు "నాకు రెండు భాషలూ వచ్చు, ఈ అనువాదం పూర్తిగా, సరిగా ఉంది" అని ఇంగ్లీషులో రాసి, పేరు, చిరునామా, తేదీ వేసి సంతకం చెయ్యాలి. నోటరీ అక్కర్లేదు. 1బి చూసినప్పుడు విస్తీర్ణం దగ్గర ఆగండి. 4.12 అంటే మనకి నాలుగెకరాల పన్నెండు సెంట్లు, అక్కడ చదివే మనిషికి సెంటంటే తెలీదు. ఎకరంలో నూరో వంతు అని పక్కన ఒక్క మాట చేర్చండి. పట్టాదారు పాస్‌బుక్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి పాస్‌పోర్ట్‌లో నిండుగా ఉంటే, ఇద్దరూ ఒకరేనని ఉత్తరంలో చెప్పి ఆధార్ కాపీ పెట్టండి.

మిగిలినవి తేలిక: ఇద్దరి ఐ-94, పాస్‌పోర్ట్ మొదటి పేజీలు, వీసా పేజీ, అక్టోబరు తేదీతో రిటర్న్ టికెట్, ఖర్చులకి వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు. మీ బావగారు భరిస్తున్నట్టయితే ఆయన జీతం స్లిప్పులూ, భరిస్తానని ఒక ఉత్తరమూ. కాన్పు తేదీతో డాక్టరు రాసిచ్చిన కాగితం.

కారణం రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మనం "పిల్లని చూసుకోడానికి" అని మామూలుగా అనేస్తాం. అదే మాట ఇంగ్లీషులోకి వెళ్తే జీతం లేకుండా ఆయా పని చెయ్యడానికి వచ్చారన్నట్టు ధ్వనిస్తుంది, సందర్శక వీసా మీద పని నిషేధం. అబద్ధం రాయమని కాదు. బాలింతగా ఉన్న కూతురి దగ్గర, పుట్టిన మనవడితోనో మనవరాలితోనో కొన్నాళ్లు గడపడానికి అన్నది నిజమే కదా, ఆ నిజాన్నే రాయండి. కూతురు ఉద్యోగానికి వెళ్లాలి కాబట్టి అన్న వాక్యం మాత్రం వద్దు.

వశిష్ఠ_గట్టు:
పాస్‌పోర్ట్ సంగతి మర్చిపోయాను. అడిగే తేదీ దాకా పాస్‌పోర్ట్ చెల్లుబాటులో ఉండాలి. సెప్టెంబరు 9తో ముగిసేదాని మీద అక్టోబరు దాకా అడిగితే ప్రశ్న వస్తుంది. అమెరికాలో మన పాస్‌పోర్ట్ రెన్యువల్ వీఎఫ్‌ఎస్ అనే దరఖాస్తులు తీసుకునే సంస్థ ద్వారా పెట్టాలి. ఈ వారమే మొదలుపెట్టించండి, కొత్తది చేతికొచ్చాక దాని నంబరుతోనే ఐ-539 నింపండి. పాతదాన్ని రద్దు చేసి తిరిగిచ్చేస్తారు. అందులోని వీసా పనికొస్తుంది, రెండు పాస్‌పోర్ట్‌లూ కలిపి పట్టుకు తిరగాలి.

లంక_మేస్టారు:
ఎవరూ ఎత్తని లెక్క ఒకటి చెబుతాను. జనవరి 22 నుంచి జూలై 21 దాకా, దిగిన రోజూ ఎక్కిన రోజూ కలిపి 181 రోజులు. అక్టోబరు 15 దాకా అయితే 267. ఈ ఏడాది రోజులన్నీ, నిరుటివాటిలో మూడో వంతు, ముందటేడువాటిలో ఆరో వంతు కలిపి 183కి చేరితే అమెరికా పన్ను చట్టం మనిషిని అక్కడి నివాసిగా లెక్కేస్తుంది. అప్పుడు ఊళ్లో కౌలు డబ్బులు, ఎఫ్‌డీ వడ్డీ కూడా వాళ్ల లెక్కలోకి వస్తాయి. సొంత దేశంతోనే దగ్గరి సంబంధం ఉందని చెప్పే ఫారం 8840 ఆ ఏడాది 183 రోజుల కంటే తక్కువ ఉన్నవాళ్లకే. 267 రోజులు ఉంటే భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద భారత నివాసినని 1040-ఎన్ఆర్ (అక్కడి నివాసి కానివాళ్లు వేసే పన్ను రిటర్ను)తో పాటు, ఒప్పందం వాడుకుంటున్నామని చెప్పే ఫారం 8833 వెయ్యాలి. పొడిగింపు మానుకోమని కాదు, అక్టోబరులో వచ్చేశాక మర్చిపోకుండా తెలిసిన పన్ను నిపుణుడికి ఒకసారి చూపించండి.

ఎర్రకాలువ:
మా అత్తగారి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో ఉంది. వీసా వచ్చింది గానీ ఐ-94 సైటులో వెతికితే రికార్డు లేదంటోంది. ఇదే చర్చలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి.

కౌలు_కాయితం:
అలాంటి పాస్‌పోర్ట్‌కి వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ అని మూడక్షరాలు పడతాయి. పేరు తెలియదని దానర్థం. ఐ-94 వెతికేటప్పుడు మొదటి పేరు గడిలో ఆ మూడక్షరాలే కొట్టండి. రాకపోతే పేర్లు తారుమారు చేసి చూడండి, పాస్‌పోర్ట్ నంబరులో సున్నాకీ ఓ అక్షరానికీ తేడా చూడండి. నిజంగానే తప్పు పడితే దగ్గర్లోని సీబీపీ (విమానం దిగినప్పుడు తనిఖీ చేసే అమెరికా సరిహద్దు శాఖ) డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో దిద్దుతారు. పొడిగింపు పెట్టేముందే దిద్దించాలి, లేకపోతే రెండు రికార్డులూ కలవక ప్రశ్నలొస్తాయి. ఊరికొచ్చాక పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడగొట్టించుకోవడం ఇంకా మంచిది.

గోదారి_గట్టు_కెనడా:
ఈ నియమాలు అమెరికావి. కెనడా వెళ్లినవాళ్లు ఇవే పట్టుకుని కూర్చోవద్దు. అక్కడ స్టాంపులో తేదీ రాయకపోతే ఆరు నెలలు, పొడిగింపు గడువుకి 30 రోజుల ముందు పెట్టాలి, ఫీజు 100 కెనడా డాలర్లు. తల్లిదండ్రులకైతే సూపర్ వీసా నయం, 2022 జూలై 4 నుంచి ఒక్క రాకకి ఐదేళ్లు ఉండనిస్తున్నారు. ఆస్ట్రేలియా అయితే వీసా ఉత్తరంలో 8503 అన్న షరతు ఉందేమో చూడండి, ఉంటే అక్కడి నుంచి పొడిగింపు దాదాపు కుదరదు. యూరప్ షెంగెన్‌లో ఏ 180 రోజులు తీసుకున్నా 90 మించకూడదు.

దాళ్వా_రైతు:
అందరికీ దండాలండి. 1బి, అడంగల్ తీశాను, అనువాదం మొదలైంది. ఒకటే సందేహం. పొడిగింపు మంజూరైతే కొత్త తేదీ ఐ-94 సైటులో కనబడుతుందా?

వశిష్ఠ_గట్టు:
కనబడదు, సైటులో పాత జూలై 21యే ఉంటుంది, కంగారు పడకండి. కొత్త ఐ-94 మంజూరు ఉత్తరం ఐ-797ఎ అడుగు భాగంలో అచ్చయి వస్తుంది, అదే చెల్లుతుంది. ఆ ఉత్తరమూ, దరఖాస్తు పెట్టిన రోజు వచ్చే ఐ-797సి రసీదూ, అక్టోబరు బోర్డింగ్ పాసులూ పాత పాస్‌పోర్ట్‌తో కలిపి ఒకే కవర్లో పెట్టించండి. మళ్లీసారి దిగినప్పుడు జూలై తర్వాత ఎలా ఉన్నారని అడిగితే చూపించాల్సినవి అవే. మంజూరు రాకుండానే వచ్చేస్తే రసీదు, బోర్డింగ్ పాసులే ఆధారం, వాటిని అసలు పారెయ్యనివ్వకండి. ఆ వెళ్లడం కూడా వెంటనే వద్దు. అక్కడ తొమ్మిది నెలలుంటే ఇక్కడ అంతకి తక్కువ కాకుండా ఉండి వెళ్తే నయం. చట్టంలో ఆ మాట లేదు గానీ దిగినచోట అధికారి మొదట చూసేది అదే.