అన్సెల్ ఆడమ్స్ పుస్తకాల్లో మొదట ఏది కొనాలి?

కోరంగి_నీడలు:
అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆడమ్స్‌లా నలుపు-తెలుపులో ప్రకృతి దృశ్యాలు తీయడం సాధన చేస్తున్నాను. ప్రస్తుతానికి ఒక్క పుస్తకమే కొనగలను. '400 ఫోటోగ్రాఫ్స్' మంచిదా, 'ఎగ్జాంపుల్స్' మంచిదా? ముద్రణ నాణ్యత ఎలా పట్టుకోవాలి? ఉండేది కాకినాడ, చెమ్మ ఎక్కువ.

జోన్_ఐదు:
మీరు తీసేవారు కాబట్టి 'ఎగ్జాంపుల్స్' (1983) తీసుకోండి. 40 ఫోటోలే, కానీ ఒక్కోటి ఎలా తయారైందో ఆడమ్సే రాశారు. 1941లో ఆయన తీసిన 'మూన్‌రైజ్' ఫోటో సంగతి చూడండి. కాంతిని కొలిచే మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ అని ఆయనకు గుర్తుంది. ఆడమ్స్ జోన్ సిస్టమ్‌లో నలుపు నుంచి తెలుపు దాకా ఛాయలను జోన్లుగా విడగొడతారు, ఐదోది నడిమి బూడిద; ఒక్కో జోన్‌కి ఒక స్టాపు తేడా, అంటే వెలుగు రెట్టింపు లేదా సగం. చంద్రుణ్ణి ఏడో జోన్‌లో పెడితే ఐదో జోన్‌కి రెండు స్టాపులు తక్కువ, అంటే సుమారు 60. ఫిల్మ్ వేగం ఏఎస్ఏ 64, దాని వర్గమూలం 8 కనుక లెన్సు రంధ్రం ఎఫ్/8 దగ్గర ఆ 60ని తిరగేస్తే 1/60 సెకను. ఫిల్టరు ఆపే వెలుగు కోసం సమయం మూడు రెట్లు చేస్తే 1/20. రంధ్రం నాలుగు స్టాపులు చిన్నది చేసి ఎఫ్/32కి వెళ్తే ఇంచుమించు ఒక సెకను. ఈ లెక్క ఒకసారి చేతితో వేసి చూడండి, జోన్ సిస్టమ్ సగం అర్థమైపోతుంది. ముందుభాగం నెగెటివ్‌లో పల్చగా ఉండటంతో 1948లో రసాయనంతో దాన్ని చిక్కబరిచారు.

ప్రెస్సు_మనిషి:
కూర్పు నేర్చుకోవాలంటే మాత్రం నా ఓటు '400'కే. బొమ్మలు కాలక్రమంలో ఉంటాయి, చూపు ఎలా మారుతూ వచ్చిందో తెలుస్తుంది. లోటల్లా, పేజీ చిన్నది.

ఇక ముద్రణ. పది రెట్లు చూపే భూతద్దం తీసుకెళ్లండి. బూడిద రంగు ఆకాశంలో నీలం, గులాబీ, పసుపు చుక్కలు కనిపిస్తే అది నాలుగు రంగుల ముద్రణ. ఇంకుల్లో ఏ ఒక్కటి కాస్త ఎక్కువైనా బొమ్మంతా ఆ రంగు వైపు లాగుతుంది. డ్యూయోటోన్ (రెండు ఇంకులు), ట్రైటోన్ (మూడు ఇంకులు) ముద్రణల్లో నలుపుతోపాటు బూడిద ఇంకులే వాడతారు కాబట్టి నీడల్లో వివరం నిలుస్తుంది. నల్లటి రాతి భాగం చూడండి. పగుళ్లు కనపడకుండా ఒకే ముద్దగా ఉంటే వదిలేయండి. బైండింగ్ పైఅంచు నుంచి చూస్తే మడిచిన ఫారాలు, మధ్యలో దారం కనపడాలి. ఉత్త జిగురుతో అతికించినదైతే రెండు పేజీల బొమ్మ నడుమ భాగం లోపలికి పోతుంది, బలవంతంగా తెరిస్తే కాగితాలు ఊడతాయి.

గోదారి_అలమర:
చెమ్మకి ఆర్ట్ పేపరే (నున్నటి పూత వేసిన కాగితం) మొదట దెబ్బతింటుందండి. పైపూత తడిసి ఆరితే పేజీలు అతుక్కుంటాయి, లాగితే బొమ్మ ఊడొస్తుంది. పాత ప్రతి కొంటున్నట్లయితే పేజీలన్నీ విడివిడిగా తెరుచుకుంటున్నాయా అని అడిగి వీడియో తెప్పించుకోండి. అలమర బయటి గోడకి ఆనించవద్దు. లోపల తేమ 50 శాతం దాటకుండా తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు, తేమ పీల్చే సిలికా జెల్ పెట్టండి. జెల్ రంగు మారగానే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.